సముద్రంతో పప్పు ఉడికించబోయాం

ఈమధ్య ఉద్యోగాల్లో చేరే పిల్లలు పరీక్ష రాస్తారు, కంప్యూటర్లో పేరు చూసుకుంటారు, మిఠాయి పంచుతారు. మా రోజుల్లో ఈ దీవుల్లో పద్ధతి వేరు. ముందు డి.ఆర్.ఎం.గా చేరేవాళ్లం. డైలీ రేటెడ్ మజ్దూర్, అంటే రోజు కూలీ అన్నమాట. ఆఫీసులో ఫ్యాను తుడిచేవాడి నుంచి ఉత్తరాలు టైపు కొట్టేవాడి దాకా కాగితం మీద అందరూ మజ్దూర్లే. పని చేస్తూ పోతే ఏదో ఒకనాటికి ఫైలు కదిలి పర్మనెంటు అవుతామని ఆశ. కొందరి ఫైళ్లు కదిలేవి. కొందరివి వాళ్లు పోయాక కదిలేవి.

నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక సర్కారీ స్కూల్లో, కెమిస్ట్రీ ల్యాబులో పదమూడేళ్లు డి.ఆర్.ఎం.గా ఉన్నాను. పుట్టింది జంగ్లీఘాట్‌లో. మా తాత శ్రీకాకుళం సముద్రం నుంచి ఈ సముద్రానికి వచ్చినవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, స్కూల్లో రెండూ కాని ఒక భాష. పన్నెండో క్లాసు సైన్సు చదివాను కాబట్టి ల్యాబులో వేశారు. గాజు సామాను కడగడం, సీసాల మీద పేర్లు అతికించడం, ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఒలకబోసింది తుడవడం నా పని. కానీ ఎవరైనా అడిగితే "సైన్సు లైన్లో ఉన్నాను" అనేదాన్ని. వరండా ఊడ్చేవాళ్లు వేరు, నేను వేరు అని నాకు గట్టి నమ్మకం. వాళ్ల చేతిలోనూ గుడ్డే, నా చేతిలోనూ గుడ్డే. అయినా నా నమ్మకం చెక్కుచెదరలేదు.

ఇంకో ఏడాది దాటితే పర్మనెంటు కావడానికి నాకు వయసు దాటిపోతుంది. నా ఫైలు ప్రిన్సిపాల్ సార్ టేబుల్ దాకా వచ్చి, ఆయన మోచేతి కింద ఆగింది. ఆయన సంతకం పెట్టి పైకి పంపాలి. పై అధికారి ఒప్పుకోవాలి. అంతే మిగిలింది. ఆ "అంతే" దగ్గర ఉండగా సునామీ వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున్న గురించి రాయగలిగినవాళ్లు రాశారు. నాకు చేతకాదు. భూమి ఊగింది, తర్వాత సముద్రం లేచింది. వేటకు వెళ్లిన మా చిన్నాన్న డోంగీ పడవ ఖాళీగా ఒడ్డుకు వచ్చింది. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది కాబట్టి ఇక ముందుకు వెళ్తాను.

మా స్కూలు పునరావాస క్యాంపు అయింది. సెలవులే కాబట్టి బెంచీలు ఒక మూలకు నెట్టి, క్లాసుకు కొన్ని కుటుంబాల చొప్పున సర్దారు. సముద్రంలో కొట్టుకుపోయిన ఊళ్లవాళ్లు కొందరు, ఇల్లు నిలిచినా భూమి కుంగి పొలాలు సముద్రంలో కలిసిపోయినవాళ్లు కొందరు. మా కెమిస్ట్రీ మాస్టారు సెలవులకు వైజాగ్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఓడలన్నీ సహాయం పనుల మీద ఉన్నాయి, విమానం టికెట్టు దొరకదు. అందుకని ల్యాబుకు నేనే దిక్కు. ల్యాబులో మిగిలింది కూడా తక్కువే. భూకంపానికి బీరువా బోర్లాపడి, పదమూడేళ్లుగా నేను కడిగిన గాజు సామానంతా గచ్చు మీద గుట్టగా పడింది. ఆ గుట్టను ఊడ్చింది కూడా నేనే.

ప్రిన్సిపాల్ సార్ ఉత్తరాది మనిషి, ఒకప్పుడు చరిత్ర పాఠాలు చెప్పేవారు. మంచివారే. కాకపోతే ఆయనకు గోడలంటే ప్రాణం. యాన్యువల్ డే కోసం నవంబరులోనే స్కూలుకంతా తెల్ల సున్నం కొట్టించారు. ఊరంతా తలకిందులైనా ఆ గోడలు మాత్రం పగలకుండా, మరక లేకుండా నిలబడ్డాయి. దాన్ని ఆయన దేవుడి ఆజ్ఞగా తీసుకున్నారు. క్యాంపులో గ్యాస్ సిలిండర్లు అయిపోయి, ఆడవాళ్లు కట్టెల పొయ్యి పెడతామంటే ఆయన ససేమిరా అన్నారు.

"పొగ పెడితే గోడలు ఏం కావాలి?" అన్నారు.

వంట పెత్తనం ఒక పెద్దమ్మది. తుష్నాబాద్ అనే పల్లె నుంచి వచ్చింది. మనిషి సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం జెట్టీ దాకా వినిపిస్తుంది. ఆమె నిదానంగా జవాబు చెప్పింది. "సార్, గోడలు సూసి కడుపు నిండుద్దేటి? బచ్చేలోగ్ భూఖే ఉన్నారు."

తర్వాత సైకిల్ స్టాండు వెనక మూడు రాళ్లు పెట్టి కట్టెలతోనే వండేది. ఆయన అటువైపు చూడకుండా నడిచేవారు. ఈ ఒప్పందం మీద నాలుగైదు రోజులు నడిచాయి.

ఒకరోజు ఆయన నన్ను గదికి పిలిపించారు. చేతిలో ఏదో పాత పత్రిక నుంచి చింపిన కాగితం ఉంది.

"బేటీ, నీళ్లలో ఏముంటుంది?"

"ఉప్పు సార్."

"అది కాదు. సైన్సు ప్రకారం చెప్పు."

"హైడ్రోజన్, ఆక్సిజన్ సార్."

"హైడ్రోజన్ మండుతుందా, మండదా?"

"మండుతుంది సార్."

"పొగ వస్తుందా?"

"రాదు సార్."

"మన చుట్టూ ఏముంది?"

కిటికీలోంచి చూశాను. ఎటు చూసినా సముద్రమే ఉంది.

"మరి గ్యాస్ లేదని ఎందుకు ఏడుస్తున్నారు?" అన్నారాయన.

నీళ్లను విడగొట్టాలంటే కరెంటు కావాలనీ, దాని నుంచి వచ్చే మంట కంటే మనం పెట్టే కరెంటు ఎక్కువనీ నాకు తెలుసు. మాస్టారు ఏటా పిల్లలకు అదే చెప్పేవారు, నేను వెనక నిలబడి వినేదాన్ని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే సార్ మోచెయ్యి కొంచెం జరిగింది, కింద నా ఫైలు అట్ట కనిపించింది.

"వచ్చే గురువారం పెద్ద ఆఫీసర్ క్యాంపులు చూడ్డానికి వస్తున్నారు. ఆయన ముందు పొయ్యి వెలిగించి చూపించు. నీ ఫైలు మీద అక్కడికక్కడే సంతకం పెట్టిస్తాను" అన్నారు సార్.

"చేస్తాను సార్" అన్నాను. కడుపు కోసం కోటి విద్యలంటారు. అందులో ఇదొకటి అనుకున్నాను.

ఏటా మాస్టారు వాడే గాజు పరికరం పగిలిపోయింది. దాని బదులు క్యాంటీన్‌లో ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ బిస్కెట్ బరిణె తీసుకున్నాను. క్యాంపు డాక్టరు పారేసిన సెలైన్ గొట్టాలు కడిగి పెట్టుకున్నాను. కరెంటు రోజుకు కొద్ది గంటలే వస్తోంది కాబట్టి బ్యాటరీ కావాలి. షాదీపూర్‌లో ఉండే ఒక తెలుగు ఆటో భయ్యా క్యాంపుకు బియ్యం బస్తాలు చేరవేసేవాడు. చదువుకున్నది ఎలక్ట్రీషియన్ పని, నడిపేది ఆటో. పెట్రోలు రేషన్ అయ్యాక అదీ నడవడం లేదు. విషయం చెబితే బుర్ర గోక్కున్నాడు.

"దీదీ, ఒక్క మాట అడుగుతా. బ్యాటరీ ఛార్జ్ అవ్వాలంటే ఆటో తిప్పాల. ఆటో తిప్పాలంటే పెట్రోల్ గావాల. సీదా ఆ పెట్రోలే స్టవ్‌లో పోసీస్తే దాల్ ఉడికిపోద్ది గదా?"

"భయ్యా, ఆ మాట సార్ దగ్గర అనకు."

"ఎందుకు?"

"నా ఫైలు ఉంది."

"అచ్ఛా, ఫైలా" అన్నాడు, ఇంకేమీ అడక్కుండా బ్యాటరీ ఊడదీసి ఇచ్చాడు. దీవుల్లో ఫైలంటే అర్థం కానివాళ్లు లేరు.

ఇక నీళ్లు. మంచి నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు. మాస్టారు ఒక సీసాలోంచి రెండు చుక్కలు ఏదో కలిపేవారు. ఆ సీసా కూడా గుట్టలో పోయింది. పైగా కుళాయి నీళ్లు రెండు రోజులకు ఒకసారి వస్తున్నాయి. తాగే నీళ్లు తీసుకెళ్లి కాల్చేస్తానంటే క్యాంపు ఆడవాళ్లు నన్నే కాల్చేస్తారు. ఉప్పు నీళ్లలో కరెంటు బాగా పారుతుందని పుస్తకంలో చదివాను. అప్పుడు నా తెలివికి నాకే ముచ్చటేసింది.

పెద్దమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "ఏటే పిల్లా, ఈ డబ్బాలు పెట్టుకుని ఏటి సేస్తన్నావు?"

చెప్పాను. సముద్రం నీళ్లను గ్యాసుగా మార్చి వంట చేస్తామని, తెలిసినంత వరకు విడమర్చాను. ఆమె బరిణెలోకి తొంగి చూసింది.

"గ్యాసు అయిపోతే మరి ఆ నీల్లు ఏటవుతాయి?"

"ఉండవు పెద్దమ్మా. ఖర్చైపోతాయి."

"తరిగిపోతాయా?"

"ఆ, తరిగిపోతాయి."

"అయితే మా సేను నీల్లు పట్టుకొస్తాను. వాటితో సెయ్యి."

ఆమె వరి చేను మొత్తం సముద్రంలో ఉంది. ఒకసారి వచ్చి పోయిన నీళ్లు కావవి. నేలే దిగిపోవడంతో పోటు వచ్చినప్పుడల్లా గట్లు దాటి వచ్చి కూర్చునేవి. ఎంత నీరు కాలిస్తే అంత చేను బయటపడుతుందని ఆమె లెక్క. నవ్వొచ్చింది నాకు, నవ్వలేదు. "చూద్దాం పెద్దమ్మా" అన్నాను. ఆ చూద్దాం అన్న మాట తర్వాత నన్ను చాలా రోజులు కుట్టింది.

మర్నాటి నుంచి ఆమె రోజూ వంట కాగానే బస్సెక్కి తుష్నాబాద్ వెళ్లి, తెల్ల క్యాన్ నిండా చేలో నీళ్లు ముంచుకుని, మళ్లీ బస్సులో తెచ్చేది. కండక్టర్ మొదటిరోజే అడ్డం తిరిగాడట. పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రపు నీళ్లు బస్సులో తీసుకెళ్లడమేంటి, అక్కడ సముద్రం లేదా అని.

"నానేటి సెప్పానంటే, అది సముద్రం నీల్లు, ఇది మా ఖేత్ నీల్లు, నా పట్టా ఉన్నాది అన్నాను. నోరు మూసుకుని క్యాన్‌కి టికెట్ కొట్టీసాడు" అని చెప్పిందామె, గర్వంగా టికెట్ చూపిస్తూ.

మొదటి ప్రయత్నంలో రెండు స్టీలు గరిటెలు ముంచి కరెంటు ఇచ్చాను. బుడగలు వచ్చాయి. గంట తిరిగేసరికి నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి, ఒక గరిటె సగం కరిగిపోయింది. సార్ వచ్చి చూసి, హైడ్రోజన్ రంగు ఇదేనా అని అడిగారు. ఔనంటే గొడవ లేకపోయేది. కానీ సైన్సు లైన్లో ఉన్నదాన్ని కదా, అబద్ధం చెప్పలేక "ఇది గరిటె సార్" అన్నాను.

తర్వాత మాస్టారి పాఠం గుర్తొచ్చింది. టార్చి సెల్లు మధ్యలో ఉండే నల్లటి కడ్డీ కరగదు. ఆ రోజుల్లో క్యాంపులో అందరూ టార్చిలు పక్కలో పెట్టుకునే పడుకునేవారు కాబట్టి అయిపోయిన సెల్లులు కావలసినన్ని ఉన్నాయి. పగలగొట్టి కడ్డీలు తీశాను. ఈసారి రెండు వైపులా బుడగలు చక్కగా లేచాయి. హైడ్రోజన్ వచ్చే వైపు, గుట్టలో పగలకుండా దొరికిన ఒక గాజు గొట్టం బోర్లించి గ్యాసు పట్టి, అగ్గిపుల్ల చూపించాను. టప్‌మంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. క్యాంపు కూడా లేచింది. చప్పుడు వినగానే మళ్లీ భూకంపమేమోనని పక్క గదుల్లోవాళ్లంతా మూటలతో, పిల్లలతో మైదానంలోకి పరుగెత్తారు. ఒకాయన గడ్డం సగం గీసుకుని ఉన్నాడు. అందరూ లోపలికి రావడానికి గంట పట్టింది. ఆ తర్వాత నేను అగ్గిపుల్ల గీసే ముందు వరండాలోకి వెళ్లి "టప్ అంటుంది, భయపడకండి" అని రెండు భాషల్లో చెప్పి వచ్చేదాన్ని.

రెండో వైపు వచ్చే గ్యాసు ఆక్సిజన్ కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. ఊరికే వదిలేశాను. ఒకరోజు పెద్దమ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏటే, ఈ డబ్బా కాడ ఆసుపత్రి వాసనొస్తంది?"

"ఆక్సిజన్ పెద్దమ్మా. ఆసుపత్రిలో ఇచ్చేది అదే కదా" అన్నాను, ఎంతో ధీమాగా.

ఆమె నమ్మింది. మంచిదట అని ఇద్దరు ముసలివాళ్లను తీసుకొచ్చి డబ్బా దగ్గర కూర్చోబెట్టబోయింది కూడా. వాళ్లు దగ్గుతూ వెళ్లిపోయారు. అలవాటు లేక దగ్గారనుకున్నాను. పదమూడేళ్లు సైన్సు లైన్లో ఉన్న మనిషికి ఉప్పు నీళ్లలో ఉప్పు కూడా ఉంటుందనీ, కరెంటు దాన్నీ ఊరికే వదలదనీ తట్టలేదు. అది ఆక్సిజన్ కాదు, క్లోరిన్. బ్లీచింగ్ పౌడరుకు ఆ వాసన వచ్చేది దాని వల్లే. మూసిన గదిలో అది ఊపిరితిత్తులను తినేస్తుంది. ఇది చదివే పిల్లలెవరైనా బరిణె వెతకబోతుంటే అక్కడే ఆగండి. మా అదృష్టం మీకుంటుందని హామీ లేదు.

సార్ వచ్చి టప్ విన్నారు. "పప్పు ఉడుకుతుందా దీంతో?" అన్నారు.

"ఒక్క డబ్బాతో కష్టం సార్."

"పది పెట్టు" అన్నారు. ఆటో స్టాండులో ఖాళీగా ఉన్న ఆటోల బ్యాటరీలన్నీ భయ్యా బతిమాలి తెచ్చాడు. పచ్చడి జాడీలు, నూనె డబ్బాలు, బిస్కెట్ బరిణెలు కలిపి పది అయ్యాయి. హైడ్రోజన్ గొట్టాలన్నీ ఒక ఫుట్‌బాల్ బ్లాడర్‌లోకి, బ్లాడర్ నుంచి గ్యాస్ పొయ్యిలోకి. సార్ స్వయంగా అట్ట మీద "జల్ ఇంధన్ పరియోజనా", అంటే నీటి ఇంధన పథకం అని రాసి ల్యాబు తలుపుకు అంటించారు.

గురువారం పొద్దున్నే బ్యాటరీలు కలిపాం. గ్యాసు బయటికి పోకూడదని సార్ కిటికీలన్నీ మూయించి, సందుల్లో న్యూస్ పేపర్లు కుక్కించి, తలుపుకు తాళం వేయించారు. ఆఫీసర్ పదకొండుకు వస్తారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని వరండాలో నిలబడ్డాను. ఆ పూట నేను మొక్కని దేవుడు లేడు. పదమూడేళ్లు ఒక పొయ్యి మీద ఉన్నాయి.

పదిన్నరకు చూద్దామని తాళం తీశాను. తలుపు తెరవగానే ఎవరో ముఖం మీద చెంపదెబ్బ కొట్టినట్టయింది. కళ్లు మండిపోయాయి, గొంతు పట్టేసింది. లోపల గాలి లేత ఆకుపచ్చగా ఉంది. ఒక్కసారిగా బుర్ర వెలిగింది. మాస్టారు ఎప్పుడూ ఉప్పు ఎందుకు కలపలేదో పదమూడేళ్లకు అర్థమైంది.

తడిగుడ్డ ముఖానికి కట్టుకుని నేనూ భయ్యా ఊపిరి బిగబట్టి లోపలికి పోయి వైర్లు పీకాం, కిటికీలు బద్దలు కొట్టినంత పని చేశాం. నేను మళ్లీ మళ్లీ బయటికొచ్చి వాంతి వచ్చేలా దగ్గాను. బ్లాడర్ జామకాయంత ఉబ్బి ఉంది. పది డబ్బాలు, పది బ్యాటరీలు, పొద్దున్నుంచి చేసింది అంతే. భయ్యా దాని మూతి విప్పి కిటికీలోంచి వదిలేశాడు.

"దీదీ, ఈ నీల్లేం సెయ్యాల? వాసన వీటి నుంచే వస్తంది."

"బయట పారబొయ్యి భయ్యా, తొందరగా."

తొందరలో అతను వరండా చివర కాలువలో, మరుగుదొడ్లలో, చేతికందిన చోటల్లా బకెట్లతో గుమ్మరించాడు. వరండా గచ్చు మీద ఒలికింది. నేను అలవాటుకొద్దీ గుడ్డ తీసుకుని తుడిచాను. తుడుస్తూ ఏడ్చాను. గ్యాసుకు ఎంత ఏడ్చానో, ఫైలుకు ఎంత ఏడ్చానో తెలియదు. మోకాళ్ల మీద ఉండగానే గేటు దగ్గర జీపు ఆగింది.

ఆఫీసర్ పొద్దున్నుంచి ఎన్నో క్యాంపులు చూసి వస్తున్నారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే జీపు దిగారు. అంతమంది జనం, అంత తక్కువ నీళ్లు. క్యాంపులు ఎలా ఉండేవో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊళ్లో బ్లీచింగ్ పౌడర్ అయిపోయింది, తెచ్చే ఓడ ఇంకా రాలేదు. ఆయన వరండాలోకి అడుగుపెట్టి ఆగారు. మెల్లగా రుమాలు దించారు. గట్టిగా గాలి పీల్చారు. ఆ వాసన పీల్చి ముఖం వెలిగిన మనిషిని నేను ఆయన్ని ఒక్కరినే చూశాను.

"బ్లీచింగ్ ఎక్కడ దొరికింది మీకు? జిల్లా మొత్తంలో లేదే" అన్నారు.

ప్రిన్సిపాల్ సార్ నావైపు చూశారు, బకెట్ల వైపు చూశారు. నిమిషం కూడా పట్టలేదు. వెనక్కి రెండడుగులు వేసి, ల్యాబు తలుపుకు వీపు ఆనించి, అట్ట కనబడకుండా నిలబడ్డారు.

"మేమే తయారు చేస్తున్నాం సార్. ఇక్కడే. సముద్రపు నీళ్లతో."

తనిఖీ జరిగినంతసేపూ ఆయన ఆ తలుపు వదల్లేదు. ఆఫీసర్ డబ్బాలు చూడాలంటే కూడా కిటికీలోంచే చూపించారు. ఆఫీసర్ మరుగుదొడ్లు చూశారు, కాలువ చూశారు. మురిసిపోయారు. చివరికి గచ్చు మీద గుడ్డతో ఉన్న నన్ను చూసి, ఎవరీ అమ్మాయి అన్నారు.

"ఈ పథకం మొత్తం ఈమెదే సార్. పదమూడేళ్లుగా డి.ఆర్.ఎం. ఫైలు నా దగ్గరే ఉంది" అన్నారు సార్. ఆయన్ని ఎన్ని అన్నా, ఆ మాట మాత్రం తప్పలేదు.

మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. కిందకు చదివితే పోస్టు: సఫాయి విభాగం.

మళ్లీ చదివాను. ల్యాబు అన్న మాట ఎక్కడా లేదు. నిజం చెబితే సరిచేస్తారనుకుని ఆర్డరు పట్టుకుని ఆఫీసర్ దగ్గరకు వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. మేం చేయబోయింది హైడ్రోజననీ, ఆ వాసన నా తప్పనీ, ల్యాబు మూసి పెట్టడం వల్ల మనుషులు పోయేవారనీ, పరియోజనా అట్టతో సహా. ఆయన శ్రద్ధగా విన్నారు. ఒక్కసారి కూడా నవ్వలేదు.

"చూడమ్మా, హైడ్రోజన్‌కు నా దగ్గర పోస్టు లేదు. క్లోరిన్‌కు ఉంది" అన్నారు. "సోమవారంలోపు చేరకపోతే ఇంకొకరికి ఇవ్వాలి."

రెండు రోజులు అన్నం సయించలేదు. సైన్సు లైన్లో ఉన్నానని ఊరంతా చెప్పుకున్న నోరు, ఇప్పుడు చీపురు పట్టానని ఎలా చెబుతుంది? చేరకూడదనే నిశ్చయించుకున్నాను. ఇప్పుడు ఆ సిగ్గును తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం అదే నాకు అన్నిటికన్నా పెద్ద విషయం.

ఆదివారం పెద్దమ్మ మళ్లీ క్యాన్‌తో వచ్చింది. ఆమెకు కూడా నిజం చెప్పాలనిపించింది. "పెద్దమ్మా, ఇక నీళ్లు తేవద్దు. నేను చెప్పింది తప్పు. పది డబ్బాలు కాదు, పదివేలు పెట్టినా మీ చేను నీళ్లు తరగవు. నేను ఆ రోజే చెప్పాల్సింది."

ఆమె క్యాన్ కింద పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు తెల్దేటే? సముద్రాన్ని పచ్చడి జాడీల్లో కాల్సీగలమేటి?"

"మరి రోజూ ఎందుకు తెచ్చారు?"

"సేను కాడికి ఎల్లడానికి ఒక పని గావాల గదా. పని లేకుండా ఎల్తే గట్టు మీద కూకుని ఏడుపొస్తాది. క్యాన్ ఉంటే ముంచుకుని ఒచ్చీవొచ్చు." నా చేతిలో కాగితం చూసింది. "అదేటి, నౌకరీయా?"

చెప్పాను. సఫాయి అన్న మాట దగ్గర నా గొంతు తగ్గింది. ఆమె మాత్రం తన మామూలు గొంతుతోనే అంది, క్యాంపంతా వినేలా. "మా మనవడికి వాంతులూ విరేచనాలూ ఆగింది నీ కంపు నీల్లు పోసినాకే. ఎల్లి సేరు. నీకు గ్యాసు గావాలంటే సెలవు రోజు సేసుకో."

సోమవారం వెళ్లి సంతకం పెట్టాను. గుమాస్తా నాకు రెండు రబ్బరు బూట్లు ఇచ్చాడు, రెండూ మగవాళ్ల సైజు. ఒక పుస్తకం, బ్యాడ్జీ ఇచ్చాడు. ఆ మధ్యాహ్నమే మొదటి డ్యూటీ వేశారు, క్యాంపుల పారిశుధ్యం చూసి రాయమని. జాబితాలో మొదటి పేరు మా స్కూలే.

బూట్లు టపటపలాడించుకుంటూ గేటులోకి వెళ్లాను. ప్రిన్సిపాల్ సార్ బ్యాడ్జీ చూసి, చొక్కా సర్దుకుంటూ గబగబా ఎదురొచ్చారు. కాలువ చూపించారు, మరుగుదొడ్లు చూపించారు, సైకిల్ స్టాండు గోడ మీద పొగ మరకకు సంజాయిషీ చెప్పారు. తర్వాత తన గదిలోకి తీసుకెళ్లి, టేబుల్‌కు ఎదురుగా ఉన్న కుర్చీని రుమాలుతో తుడిచారు.

"ఆయియే మేడం, బైఠియే" అన్నారు.

పదమూడేళ్లలో ఆ గదిలోకి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కూర్చోవడం అదే మొదటిసారి.